బిడ్డ తలమీద ఒట్టు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో డోన్ దగ్గర బండల గనిలో మా ఆయన, ఆయన స్నేహితుడు ఓబులేసు కలిసి పనిచేసేవారు, అన్నదమ్ములకన్నా ఎక్కువగా ఉండేవారు, అయ్యో, కలిసే ఒక గురువు చేతిలో పడ్డారు! అమావాస్యకు తలుపులు మూసుకుని ఏం పూజ చేసేవారో, ఏం బోధ వినేవారో ఇంట్లో ఆడవాళ్ళకు తెలియకూడదు. చేరిన రోజున గురువు ప్రతివాడిచేతా సొంత బిడ్డ తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. గుట్టు బయటపడితే ఆ బిడ్డ దక్కడట, ఆ మాట నేను చాటునుంచి విన్నాను. మాకున్నది ఒక్కడే కొడుకు.

కొన్నాళ్ళకు గురువు, ఒళ్ళు రాయిలా గట్టిపడుతుందని చెప్పి ఇద్దరికీ భస్మం పొట్లాలిచ్చాడు. మా ఆయన దాన్ని తేనెలో కలుపుకుని మింగడం నేను తలుపు సందులోంచి చూశాను. మర్నాటికి ఇద్దరికీ ఆగని వాంతులు, కడుపులో మంట. మిషను ఆసుపత్రిలో పక్కపక్క మంచాలమీద పడుకోబెట్టారు. ఏం తిన్నారో తెలిస్తేనే తగిన మందు ఇవ్వగలనని డాక్టరు దొరసాని వాళ్ళనడిగింది, ఓబులేసు భార్య లింగమ్మనడిగింది, నన్నూ అడిగింది. మగవాళ్ళు నోరు విప్పలేదు. లింగమ్మకు నిజంగానే తెలియదు. నేను మాత్రం బిడ్డను గుండెకు హత్తుకుని, నాకేమీ తెలియదన్నాను.

సాయంత్రానికి ఓబులేసు పోయాడు.

ఆసుపత్రిలో వాక్యం చదివి వినిపించే ముసలమ్మ నా పక్కన కూర్చుని, "మా యేసయ్య బోధలో దాపరికం ల్యాదమ్మా, ఏటిగట్టున, కొండమీద, అందరి ముందరా చెప్పినాడు" అంది. అప్పుడు నేను ప్రార్థించాను: "యేసయ్యా, నువ్వెవరో నాకు సరిగా తెల్దు. మా ఆయన ఏసిన ఒట్టు నేను తప్పిస్తాండా. నా బిడ్డను నీ చేతిలో పెడ్తాండా, కాపాడు తండ్రీ." లేచి వెళ్ళి అంతా చెప్పేశాను, మా ఆయన మొలలో దాచుకున్న మిగిలిన పొట్లం కూడా తీసిచ్చాను. అది పాషాణం, పచ్చి విషం! దొరసాని వెంటనే సూదిమందు వేసింది, దేవుడు కనికరించాడు, మా ఆయన లేచి కూర్చున్నాడు. బిడ్డకు జ్వరమైనా రాలేదు. దేవునికే మహిమ!

బయటికి చెబితే మంత్రానికి శక్తి పోతుందనేవాడు ఆ గురువు. గుప్పిట మూసినంతసేపే వాడి గొప్ప, నలుగురిలో పెడితే నలుగురూ ప్రశ్నలడుగుతారు, అందుకే ఆ తలుపులు, అందుకే ఆ ఒట్లు! వాడి బోధమీద వాడికే నమ్మకముంటే పసిబిడ్డలను అడ్డం పెట్టుకునే పనేముంది?

మేమిద్దరం బాప్తిస్మం తీసుకున్నాక లింగమ్మ మా ఇంటికి వచ్చింది. "నీకు ముందే తెల్సా అక్కా?" అని అడిగింది. తెలుసన్నాను. ఆమె తన బిడ్డను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

సహోదరులారా, దేవుడు నన్ను క్షమించాడు, అది నేను నమ్ముతున్నాను. అయినా ఆ పక్క మంచం ఖాళీ అయ్యేదాకా నేను ఆగాను కదా! మీలో ఎవరైనా భయంతో ఏదైనా దాచుకుని ఉంటే ప్రభువు దగ్గరకు రండి, ఆయనను నమ్మి నోరు తెరవండి. రేపు చెబుదామనుకోకండి.