కొండ కింద కూర్చున్న ప్రధాన్

ఇవాళ పొద్దున్న టీ గ్లాసు నోటిదాకా తెచ్చానో లేదో, వాన హోరులో మా వంటింటి రేకు మీద టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. మా ఆయన ఫోనులోంచి తలెత్తలేదు. నా టీ మాత్రం చీర మీద ఒలికింది. బయటికెళ్లి చూస్తే వక్కకాయ. పక్కింటివాళ్ల చెట్టు మీది నుంచి రాలింది. వక్కకాయేనని కళ్లారా చూశాక కూడా గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. రూతత్త అంటించి పోయింది.

రూతత్త మా పంచాయతీకి ప్రధాన్‌గా చేసింది. మేముండేది సముద్రం మధ్య దీవిలో, ఇక్కడ ప్రధాన్ అంటే ఆంధ్రాలో సర్పంచి లాంటి పదవి. అంతకు ముందు చర్చిలో పిల్లలకు తెలుగు పాటలు నేర్పేది. కొళాయి నీళ్ల గొడవలో ఆఫీసులో గట్టిగా మాట్లాడిందని అందరూ కలిసి ఆవిడను నిలబెట్టి గెలిపించారు. గెలిచాక తెలిసింది, ఆవిడంత పిరికి మనిషి ఈ దీవిలో ఇంకొకరు లేరని. ఓడ ఎక్కితే కళ్లు మూసుకుని ప్రార్థన, కుక్క మొరిగితే ఎదుటివాళ్ల వెనక్కి దూరడం. అన్నిటికంటే, వానకు విరిగి మీద పడుతుందని, ఆవిడకు మా కొండంటే భయం. ప్రోతరాపూర్ ఊరు దాటాక రోడ్డు దిగువన, కొండను ఆనుకుని మా ఇళ్ల వరస ఉండేది. ఇక్కడ చదునైన జాగా దొరకడం గగనం కాబట్టి అందరం కొండనే తవ్వుకున్నాం. కొడుకు పెళ్లైతే గది కోసం కొంత, వంటిల్లు ఇరుకైతే ఇంకొంత. తవ్విన చోట మట్టి నింపిన పాత డ్రమ్ములు వరసగా పేర్చి, దాన్నే గోడ అనుకుని దాని పక్కనే నిద్రపోయేవాళ్లం.

వాన పట్టు విడవకుండా కురిస్తే రూతత్త గొడుగేసుకుని దిగేది. స్కూలు వరండాలోకి పొమ్మని బతిమాలేది. ప్రధాన్ చెప్పిందని ఇల్లు వదిలేవాళ్లెవరు? అప్పుడావిడ మాలో ఎవరో ఒకరింట్లో, సరిగ్గా డ్రమ్ముల పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. మీరు లేస్తే నేను లేస్తాను, లేకపోతే ఇక్కడే ఉంటాను అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆడమనిషి, అందులోనూ మన ఓట్లతో గెలిచిన మనిషి, అలా వణుకుతూ కొండ కింద కూర్చుంటే ఎవరికైనా సిగ్గేస్తుంది. తిట్టుకుంటూనే చాపలు చుట్టుకుని బయల్దేరేవాళ్లు. కొండ మాత్రం పడేది కాదు. మర్నాడు ఎండ కాసేది, ఊరంతా ఆవిడను చూసి నవ్వేది. పిరికి ప్రధాన్ అనే పేరు అలా స్థిరపడిపోయింది.

మా అక్క నిశ్చితార్థం రోజు కూడా అలాగే వచ్చింది. పట్నంలోని జంగ్లీఘాట్ నుంచి పెళ్లివారు దిగారు, బిర్యానీ పొయ్యి మీదుంది, వాన కుండపోతగా ఉంది. రూతత్త వచ్చి డ్రమ్ముల పక్కన కూర్చుంది. నాన్న ముఖం ఎర్రబడింది. పెళ్లివారి ముందు గొడవెందుకని అందరం తడుస్తూ స్కూలుకు పోయాం, బిర్యానీ మాడిపోయింది. సంబంధం తప్పిపోలేదు గానీ, కూర్చోబెట్టి మర్యాద చేయడం చేతకాని ఇల్లని మాట పడ్డాం. కొండ ఆ రోజూ కదల్లేదు. తర్వాతి ఎన్నికల్లో నాన్నే ఇంటింటికీ తిరిగి ఆవిడకు ఓటేయొద్దని చెప్పారు. రూతత్త ఓడిపోయింది.

ఇక పీడ వదిలిందనుకున్నాం. ఆ వానాకాలం మళ్లీ ముసురు పట్టగానే గుమ్మంలో అదే గొడుగు కనిపించింది.

“ఏటి దీదీ, ఇప్పుడు నువ్వు ప్రధాన్‌వి కూడా కాదు గదా,” అన్నారు నాన్న.

“కాదు భయ్యా. అందుకే ఆర్డర్ ఇవ్వడానికి రాలేదు. కూకోడానికొచ్చాను.”

నాన్న విసురుగా వెళ్లి గుమ్మంలో కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. ఆవిడ చేతిలో గ్లాసు గాజులకు తగిలి గలగలమంటోంది. ఇంత భయపడుతూ ఎందుకొస్తావత్తా అని మెల్లగా అడిగాను.

“భయం నేకపోతే నానెందుకొస్తానే? ధైర్యం ఉన్నోలందరూ ఇంటికాడ తొంగున్నారు గదా,” అంది. “విను. వాన సప్పుడు ఒకటే లాగుంటాది. మద్దిలో టక్కుమని రాయి పడిందనుకో, ఇంక నాను ఆగమన్నా ఆగకు.”

అప్పటిదాకా నేను వానను వినలేదు. ఆ రోజు విన్నాను. తల మీద అంత మట్టి ఉందని, దాన్ని ఆపేది తుప్పు పట్టిన డ్రమ్ములని అప్పుడే ఒంటికి తెలిసింది. నేను ఏడుపు మొదలుపెట్టాను. నాన్న లేచి, నన్నొక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆవిడకు గొడుగు పట్టారు. కొండ ఆ రోజూ పడలేదు.

రూతత్త ఓ వేసవిలో, జ్వరంతో, తన మంచం మీదే పోయింది. ఆవిడ భయపడినవేవీ ఆవిడ జోలికి రాలేదు. సమాధి దగ్గర నుంచి వచ్చాక నాన్న మా ఇంటి రేకులు ఒక్కొక్కటే విప్పేశారు. మేం రోడ్డు పైకి మారిపోయాం. ఆ జాగాలో ఇప్పుడు అరటి మొక్కలున్నాయి. మిగతా ఇళ్లు అలాగే ఉన్నాయి, కొండా అలాగే ఉంది. నేను పంచాయతీ మెంబర్నయ్యాను. నన్ను చూసి కూడా నవ్వుతారు. ఆవిడ నిజంగా అనవసరంగా భయపడిందేమోనని నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది, ఎండ కాసే రోజుల్లో.

ఇవాళ వక్కకాయ రాలాక ఇంట్లో నిలవలేకపోయాను. గొడుగేసుకుని ఆ వరసకు దిగాను. చివరింట్లో కిందటేడు కాపురానికొచ్చిన సునీత ఉంటుంది. కొండను తవ్వి బిడ్డ ఉయ్యాలకు చోటు చేసుకున్నారు. డ్రమ్ముల పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నువ్వు లేస్తే నేను లేస్తానని చెప్పాను.

“దీదీ, ఈ కొండ మా మావ పుట్టక ముందు నుంచీ ఉంది,” అని సునీత నవ్వుతూ టీ గ్లాసు అందించింది.

రేకు మీద టక్కుమంది.

ఆ వాలు మీద వక్కచెట్టు ఒక్కటీ లేదు. సునీత నవ్వు ఆపి పైకి చూసింది. తర్వాత ఉయ్యాల్లోంచి బిడ్డను ఎత్తుకుంది. నేనూ లేచాను.