వైరక్కకు అంతుపట్టని దీపం

ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి వార్డు ఆయాల దాకా అందరికీ ఆమె వైరక్కే. ఎలక్ట్రీషియన్ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయనా అక్కడే పనిచేశాడు. చూపు మందగిస్తున్న సంగతి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చి, చివరికి ఏ వైరు ఏదో పోల్చుకోలేక చెయ్యి కాల్చుకున్న రోజున ఇంటికి వచ్చేశాడు. ఆయన నిచ్చెన, ఆయన టెస్టరు, ఆయన మొండితనం మూడూ కూతురికి వచ్చాయి. దేవుడి సంగతి ఎవరైనా ఎత్తితే, "ఆయన జోలికి నేను పోను, నా జోలికి ఆయన రాడు" అని నవ్వేసేది.

అలాంటి మనిషి మీద పడింది ఆ పని. కింది అంతస్తులో దుప్పట్లు దాచే గది ఒకటి ఉండేది. కిటికీ లేదు. దాన్ని ప్రార్థన గది చేయాలని సూపరింటెండెంటు మేడమ్ నిర్ణయించింది. పై అంతస్తులో ఆపరేషన్ థియేటర్ బయట బెంచీల మీద కూర్చుని ఏడ్చేవాళ్ళకు కాస్త చోటు కావాలన్నది ఆవిడ ఉద్దేశం. ఏ మతం బొమ్మా పెట్టొద్దని, వెలుగు ఒక్కటి ఉంటే చాలని, వెలుగుతో ఎవరికీ పేచీ ఉండదని వైరక్కతో చెప్పింది. ఆక్సిజన్ గొట్టాలు పోయే చోటు కాబట్టి నిప్పు వెలిగించడానికి వీల్లేదు. బల్బే పెట్టాలి.

పూట పని అనుకుంది వైరక్క. ఎందుకైనా మంచిదని నలుగురినీ అడిగి చూసింది. అక్కడే చిక్కొచ్చి పడింది.

థియేటర్ నర్సు చర్చికి వెళ్ళే మనిషి. దేవుడు మొట్టమొదట కలగజేసింది వెలుగునేనని, సూర్యుడు ఆ తర్వాతే వచ్చాడని చెప్పింది. సూర్యుడే లేనప్పుడు ఆ వెలుగు ఎక్కణ్ణించి వచ్చిందని వైరక్క అడిగితే, అదే కదా సంగతి అని నర్సు తన దారిన వెళ్ళిపోయింది. ఎక్స్‌రే తీసే ఆయన యూదుడు. తమ ప్రార్థనా మందిరంలో ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందని, ఇక్కడా స్విచ్ లేకుండా పెట్టమని అన్నాడు. సాయంత్రం డ్యూటీ ఆయా తమ ఇంట్లో దీపాన్నే దేవుడనుకుని దణ్ణం పెడతామంది. ఆసుపత్రి దుప్పట్లు, గౌన్లు కుట్టే ముస్లిం దర్జీ మాత్రం దీపానికి దణ్ణం కూడదన్నాడు. గూట్లో దీపం, దాని చుట్టూ గాజు, అలా ఉంటుంది దేవుడి వెలుగు అని తమ పెద్దలు చెబుతారని, కానీ అది పోలిక మాత్రమేనని వివరించాడు. మందుల కౌంటర్లో ఉండే బౌద్ధుడు అంతా విని, "కళ్ళు మూసుకుని కూర్చునేవాడికి మీ బల్బుతో ఏం పని వైరక్కా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమెకు తల దిమ్మెక్కిపోయింది. అన్నం తింటూ ఇదంతా తండ్రికి చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు.

"వెలుగు దేవుడని ఎవరన్నారమ్మా? వాళ్ళని ఒక్కరోజు నా కళ్ళతో ఉండమను."

"అదేంటి నాన్నా?"

"నాకు చీకటి అనుకుంటున్నావు కదూ? చీకటి లేదు. పొద్దస్తమానం పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. కళ్ళు మూసినా అంతే. కాస్త చీకటి దొరికితే హాయిగా నిద్రపోదును."

ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. తండ్రి చీకట్లో మగ్గుతున్నాడని ఇన్నేళ్ళూ లోలోపల కుమిలింది. ఇప్పుడు దేనికి జాలిపడాలో తెలియలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు అడగలేదుగా అన్నాడు.

చివరికి అందరి మాటలూ కలిపి ఏదో చేసింది. గోడలో చిన్న గూడు కొట్టించి, పసుపుపచ్చటి బల్బు పెట్టి, ముందు గరుకు గాజు బిగించింది. వద్దనుకునేవాళ్ళు తగ్గించుకోవడానికి ఒక రెగ్యులేటరు పెట్టింది. జనం రావడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి బాగానే ఉందనుకుంది.

కొన్నాళ్ళకు ఆ దీపం గురించి వార్డుల్లో గుసగుసలు పుట్టాయి. గుండెకు ఆపరేషన్ జరుగుతున్న పసివాడి తల్లి ఆ గదిలో కూర్చుని ఉండగా దీపం వణికిందట. ఆవిడ పరుగున బయటికి వచ్చేసరికి పిల్లవాణ్ణి అప్పుడే కిందికి తెస్తున్నారట. బతికాడు. ఆ తల్లి కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పింది. దాంతో గది కిటకిటలాడిపోయింది. దీపం ఎప్పుడు వణుకుతుందా అని జనం గుడ్లప్పగించి చూస్తూ కూర్చునేవారు.

వైరక్కకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. బల్బు వణికితే ఎక్కడో స్క్రూ వదులై ఉంటుంది. అది తన పనిలో లోపం. గది ఖాళీ అయ్యేదాకా ఆగి మూత విప్పి చూసింది. అనుకున్నదే, స్క్రూ వదులుగా ఉంది. ఆ గోడ వెనకే స్ట్రెచర్లు తీసుకెళ్ళే లిఫ్టు ఉంది. అది కదిలినప్పుడల్లా గోడ అదిరి, దీపం వణుకుతోంది. అరచేత్తో గోడను తాకి చూసింది. లిఫ్టు పైకి పోతుంటే అదురు చేతికి తెలిసింది.

స్క్రూ బిగించేసింది. దీపం నిలకడగా వెలిగింది. మంచి పని చేశాననిపించలేదు, చెడ్డ పని చేశాననీ అనిపించలేదు. మర్నాడు ఆయా వచ్చి, దీపం అలిగిందని అందరూ అనుకుంటున్నారని, ఏదో ఒకటి చేసి మళ్ళీ ముందులా చేయమని బతిమాలింది. మేడమ్‌ను అడిగితే, కరెంటు సంగతి నీది, మిగతాది నన్నడగకు అని తప్పుకుంది.

ఆ వారంలోనే దర్జీ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన భార్య కిడ్నీ వార్డులో ఉండి, దీపం ఇంకా వణుకుతున్న రోజుల్లోనే పోయింది. ఆ పూట ఆయనా ఆ గదిలోనే ఉన్నాడు. వైరక్క నిచ్చెన దిగింది. ఆయన చేతిలో ఇంకా కొలతల టేపు ఉంది.

"ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పమ్మా. ఆవేళ దీపం వణికింది. నేను మంచి కబురే అనుకున్నాను. అది దేవుడా, వైరా?"

"స్క్రూ వదులైంది అన్నా. నా పొరపాటే. వెనక లిఫ్టు నడిస్తే అలా అయ్యేది."

ఆయన ఊరట పడతాడని ఆమె ఎదురుచూసింది. ఆయన టేపును చేతికి చుట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"అంటే అది వణికినప్పుడు మా ఆవిడ ఆ లిఫ్టులో ఉందన్నమాట. ఆవిణ్ణి కిందికి దించుతున్నారు."

"ఉండే ఉంటుంది అన్నా."

"మరి అది ఉత్త స్క్రూ ఎలా అవుతుందమ్మా?"

దీపానికి దణ్ణం కూడదన్న మనిషే ఆ మాట అడుగుతున్నాడు. ఆయన జవాబు కోసం ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, కుట్టాల్సిన గౌన్లు చాలా ఉన్నాయని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం వైరక్క మొదటిసారి పనిలేకుండా ఆ గదిలో కూర్చుంది. మీవాళ్ళు కిందికి వస్తున్నారని పసివాడి తల్లికి ఆ దీపం చెప్పింది నిజమే. దర్జీకి చెప్పిందీ నిజమే. ఇద్దరికీ ఒకేలా చెప్పింది. స్క్రూ కూడా నిజమే. ఇందులో ఏది తీసేస్తే మిగతాది అర్థమవుతుందో ఆమె ఎంత ఆలోచించినా తేలలేదు. జేబులో స్క్రూడ్రైవరు తొడకు గుచ్చుకుంటోంది. మళ్ళీ వదులు చేద్దామా అని లేచింది. గూటి ముందు నిలబడింది. ఎవరో తలుపు తోసుకుని లోపలికి రావడంతో, బల్బు చూడ్డానికి వచ్చానన్నట్టు గాజు తుడిచి బయటికి వచ్చేసింది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఆసుపత్రికి కొత్త భవనం కట్టారు. అందులోనూ ప్రార్థన గది ఒకటి పెట్టి, దాని పనీ ఆమెకే అప్పగించారు. ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. గోడకు పెద్ద కిటికీ ఉంది కాబట్టి బల్బు జోలికే పోలేదు. ఇప్పుడు సాయంత్రం ఎండ సూటిగా మొహాన కొడుతోందని అక్కడ కూర్చునేవాళ్ళు ఆమెనే తిట్టుకుంటున్నారు. కర్టెను వేయమని కొందరు, వేయొద్దని కొందరు. కర్టెను గుడ్డ దర్జీ ఎప్పుడో కుట్టి ఇచ్చాడు. అది ఆమె సంచిలోనే ఉంది.