అత్తమ్మ సాకిన గుడ్డుబొమ్మ

మా మేనత్త పోయింది. మొన్న షిఫ్టులో ఉండగా గేటు దగ్గరి ఫోనుకు కబురు వచ్చింది. అంత్యక్రియలు చూసి వచ్చి ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, ఆమె మంచితనం కంటే ముందు నేను ఆడిన అబద్ధమే గుర్తుకు వచ్చింది. అదే రాస్తున్నాను.

పటాన్‌చెరు అవతల కంది ఊరు దాటి లోపలికి పోతే మా ఊరు. మేనత్తది మా పక్కిల్లే. మామ ముందే పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ కూలికి పోయిన రోజుల్లో నన్ను సాకింది ఆమే. ఆమెకు రెండు బర్రెలుండేవి. వాటికి కుడితి పెట్టనిదే తాను ముద్ద ముట్టేది కాదు. "మనకు నోరుంది, అడుక్కుంటం. అది ఎవల్నడుగుతది?" అనేది. ఊళ్లో ఎవరి బర్రె ఈనలేక అవస్థపడినా ఆమె కోసమే మనిషి వచ్చేవాడు. తింటున్న కంచం అట్లాగే వదిలి పోయేది.

మా బిడ్డ బడికి పోయే నాటికి నేను పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌ను. మా బిడ్డకు హైదరాబాద్‌లో ఒక బొమ్మ కొన్నాను. కోడిగుడ్డంత ప్లాస్టిక్ బొమ్మ. చిన్న తెర మీద చుక్కలతో గీసినట్టు ఒక జంతువు. ఒక మీట నొక్కితే తింటుంది, ఒకటి నొక్కితే పెంట శుభ్రమవుతుంది, ఇంకొకటి నొక్కితే దాన్ని నిమిరినట్టు. ఎంత నిమిరితే అన్ని గుండె గుర్తులు వెలుగుతాయి. బళ్లోకి తేవద్దన్నారని మా బిడ్డ పొద్దున్నే దాన్ని మేనత్తకు అప్పగించి పోయేది.

మేనత్త దాన్ని దారంతో కొట్టం గుంజకు కట్టుకుంది. మీట నొక్కడమే కాక బొటనవేలితో ప్లాస్టిక్‌నూ నిమిరేది.

"అత్తమ్మా, గది బొమ్మనే" అన్నాను.

"బొమ్మకు ఆకలైతదా మరి?" అంది.

సాయంత్రానికి గుండె గుర్తులన్నీ నిండి ఉండేవి. బొమ్మ తన దగ్గర కంటే అవ్వ దగ్గరే ఎక్కువ సంతోషంగా ఉంటుందని మా బిడ్డ అలిగేది.

ఒకరోజు నాకు వారపు సెలవు. తోటి పనివాళ్లిద్దరు వచ్చి మంచం మీద కూర్చున్నారు. మేనత్త బొమ్మను అరచేతిలో పెట్టుకుని వచ్చింది.

"పొద్దటి సంది ఊకె పెండ ఏస్తుండె అల్లుడా. కడుపు పాడైందని మేత ఆపిన. ఇప్పుడు సూస్తే ఏం కనిపిస్తలేదు."

బర్రెకు కడుపు ఉబ్బితే ఒక పూట మేత ఆపుతారు. ఆమె అదే చేసింది. బొమ్మలో సెల్లు అయిపోయిందని నాకు చూడగానే తెలిసింది. రెండు రోజులుగా తెర మసకబారుతూనే ఉంది. కానీ పక్కన మనుషులున్నారు.

"ఉపాసం పెట్టి సంపినవ్ గదా అత్తమ్మా!" అన్నాను.

"ఇగ బర్రెలు పైలం పెద్దమ్మా!" అన్నాడు ఒకడు. ముగ్గురం నవ్వాం.

"నిజంగనే సచ్చిందా అల్లుడా?"

"సచ్చింది."

అంతకు ముందటి ఎండాకాలం ఆమె బర్రెకు పుట్టిన దుడ్డె కడుపు ఉబ్బి చచ్చిపోయింది. అప్పుడూ ఆమె మేత ఆపింది. దాన్ని ఎవరూ బతికించలేకపోయేవారని ఊరంతా అన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.

మర్నాడు కొత్త సెల్లు వేశాను. జంతువు మళ్లీ గుడ్డు నుంచి మొదలైంది. తీసుకుపోయి ఇస్తే మేనత్త ముట్టలేదు.

"వద్దు బిడ్డా. నా చేతులకు అచ్చిరాదు."

సెల్లు అయిపోయిందని అప్పుడైనా చెప్పాల్సింది. మరి నిన్న ఎందుకు నవ్వినవని అడుగుతుందని చెప్పలేదు.

నెల తిరగకముందే రెండు బర్రెలనూ ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఉన్న మరిదికి తోలిపెట్టింది. శాతనైతలేదని అందరితో అంది. "దుడ్డెను గూడ నేనే సంపిన్నేమో" అని నా భార్యతో మాత్రం అందట. అది విన్నాక కూడా నేను నోరు విప్పలేదు. ఈనే బర్రె కోసం ఎవరైనా వస్తే ఇంకెవరినైనా పిలుచుకోమనేది. చాయ్‌కి పాల ప్యాకెట్ కొనేది. ఏళ్లు గడిచిన కొద్దీ ఆ సెల్లు సంగతి చెప్పడం నాకు ఇంకా కష్టమైంది.

కిందటి నెల ఆమె ఇంటికి పోయాను. మేనత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఎవరిదో దూడ పలుపు తెంపుకుని వచ్చి ఆమె ముందు మెడ చాచింది. ఆమె రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. మోచేత్తో దాన్ని నెట్టింది.

"పో, మీ అమ్మ తాన పో."

అది పోలేదు. ఆ మోచేతినే నాకుతూ నిలబడింది.