ఇద్దరూ ముట్టని కూరలు

మా కోయగూడెం దాటితే అంతా అడవే. ఈమధ్య ఊరివాళ్లమే కలిసి బయటి అతిథులను పిలిచి, మా ఇళ్లలో ఉంచుకుని, మా వంట పెట్టడం మొదలుపెట్టాం. మొదటి అతిథికి భోజనం ఎవరింట్లో అంటే మా అత్త ముందుకొచ్చింది. ముందుకు రావడమేంటి, మిగతావాళ్లను నోరెత్తనివ్వలేదు.

అతిథులను తీసుకొచ్చేది నేనే గనుక నాకు మాత్రం షరతు పెట్టింది. "ఆ వచ్చేటామె మనింట్ల తినకుండ లేసిందనుకో, మల్ల ఎవల్నీ తీస్కరాకు." ఇంటికొచ్చిన మనిషి పస్తు పోవడం కంటే మా అత్తకు వేరే అవమానం లేదు.

వచ్చింది వైరాలో రిటైరైన టీచరమ్మ. రాగానే సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మా అత్త చేతిలో పెట్టింది.

"మా చెట్టు కాయలే వదినా. పొద్దున లేచి మామిడికాయ పప్పు చేసిన."

మా అత్త మొహం చూడాలి! మామిడి పండుగ చేసి ముత్యాలమ్మకు పెట్టందే మా ఊళ్లో కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. ఆ పండుగ ఇంకా కాలేదు. డబ్బాను కింద పెట్టలేక, మూత తీయలేక, ముందు కోడికూర వడ్డించమని నాకు సైగ చేసింది. గరిటె చూడగానే టీచరమ్మ విస్తరికి చేయి అడ్డం పెట్టింది.

"ఏమనుకోకు వదినా, మాకు శ్రమదినాలు నడుస్తున్నయ్. ఈస్టరు దాక నీసు ముట్టం."

ముందే అడగొద్దా అన్నట్టు మా అత్త నన్ను చూసిన చూపుకు నేను పొయ్యి దగ్గరికి పారిపోయాను. ఇక దాచి లాభం లేదని ఆమె కూడా చెప్పేసింది.

"మాకూ గట్లనే. పండుగ కానిదే మామిడికాయ ముట్టం."

టీచరమ్మ డబ్బా చూసి, కూరగిన్నె చూసి, పడీపడీ నవ్వింది. మా అత్తకు నవ్వు రాలేదు. ఆమె కళ్లు ఖాళీ విస్తరి మీదే ఉన్నాయి.

"ఇయ్యాల మీకోసం ఏం వండుకున్నరో గదే పెట్టు," అంది టీచరమ్మ.

జొన్నగటక, ఎండు చిక్కుడుగింజల కూర. అతిథులకు పెట్టేవి కావని లోపల దాచిపెట్టింది మా అత్త. సిగ్గుపడుతూనే తెచ్చి వడ్డించింది. టీచరమ్మ తిన్నది, మళ్లీ అడిగి పెట్టించుకున్నది. అప్పుడు మా అత్త తనకూ ఓ విస్తరి వేసుకుని ఆమె పక్కన కూర్చుంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆమెను బస్సెక్కించి వచ్చాక మా అత్త అంది, "ఇగ ఆమెను గెస్టని తీస్కరాకు."

"తిన్నది గదా అత్తా?"

"తిన్నది గనుకనే. చుట్టాన్ని ఎవలన్న గెస్టంటరా?"