కోత పండుగ వేలంలో తాతయ్య ఫిడేలు

నా చిన్నప్పుడు పుంగనూరులో మేమున్న ఇంట్లో గోడకు రెండు మేకులుండేవి. ఒకదానికి లాంతరు, రెండోదానికి మా తాతయ్య ఫిడేలు పెట్టె. యుద్ధం రోజులు కాబట్టి లాంతరుకు కిరసనాయిలు దొరకడం కష్టంగా ఉండేది. దీపం లేని సాయంత్రాలు చాలానే గడిచాయి గానీ, ఫిడేలు మోగని సాయంత్రం మాత్రం నాకు గుర్తులేదు.

తాతయ్య మిషన్ బడిలో పంతులుగా చేసి మానుకున్నవాడు. ఊళ్లో అందరూ ఆయన్ను అయ్యవారు అనేవారు. చాప మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను కుడికాలి చీలమండకు ఆనించి, కళ్ళు మూసుకుని వాయించేవాడు. అక్కడ ఆని ఆని ఆ కొయ్య రంగు పోయి తెల్లబడింది. ఆదివారం చర్చిలో కీర్తనలకు ఆయన ఫిడేలే ఆధారం. వయసులో ఉన్నప్పుడు దాన్ని భుజాన వేసుకుని చౌడేపల్లె దాకా, రామసముద్రం దాకా నడిచిపోయి పల్లెల్లో పాడి వచ్చేవాడట. మా అవ్వకు సంగీతం ఒక చెవిన వినిపించి ఇంకో చెవిన పోయే రకం. ‘ఆ కొయ్యను తుడిచే పట్టుగుడ్డ నాకు రవికన్నా అయ్యుండేది’ అని ఎత్తిపొడిచేది. అంటూనే, ఆయన వాయించడం మొదలుపెట్టగానే చేతిలో చేట పక్కన పెట్టేసేది.

నన్ను పెంచింది వాళ్ళిద్దరే. మా అమ్మ నన్ను కని పోయింది. నాన్న పటాలంలో చేరి, ఉత్తరం వస్తే ఉన్నాడని తెలిసేంత దూరం పోయాడు. మనియార్డరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. అవ్వకు నేనంటే ప్రాణం. నేను నిద్ర లేవగానే నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పి చూసుకున్నాకే పొయ్యి రాజేసేది.

ఆ వెలుతురు వైపు తిప్పడం ముద్దు కోసం కాదని నాకు చాలా రోజులు తెలియదు. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది కూడా మసకబారుతూ వచ్చింది. బియ్యంలో రాళ్ళు మిగిలిపోవడం మొదలైంది. ఒకరోజు ఉప్పు డబ్బా అనుకుని సున్నపు పిడత మూత తీసింది. అది చూసి తాతయ్య ఆమెను, నన్ను వెంటబెట్టుకుని బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లెకు తీసుకుపోయాడు. బస్సు సగం దారి మేము ఎక్కాం, సగం దారి మేమే తోశాం. అక్కడి డాక్టరమ్మ చూసి, కంట్లో నీటి ఒత్తిడి పెరిగిపోతోందనీ, దీనికి ఆపరేషను వేలూరు పెద్దాసుపత్రిలోనే అవుతుందనీ, ఈ కోతల కాలం దాటనిస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరనీ చెప్పింది.

మా ఇంట్లో అమ్ముకోవడానికి ఉన్నది ఒక్కటే. తాతయ్య ఎవరెవరికో కబురు పెడితే, కుప్పంలో నాటకాలకు ఫిడేలు వాయించే ఒకాయన వచ్చాడు. చాప మీద కూర్చుని చాలాసేపు వాయించి, చీలమండ ఆనే తెల్లటి చోటును బొటనవేలితో నిమిరాడు. తన దగ్గర ఎంత కూడుతుందో దాపరికం లేకుండా చెప్పేశాడు. ప్రయాణానికీ, ఆపరేషనుకూ అది సరిగ్గా సరిపోతుంది. రెండు వారాల్లో డబ్బు జమచేసుకుని ఆదివారం మధ్యాహ్నానికి వస్తానని పోయాడు. అది చర్చిలో కోత పండుగ చేసే ఆదివారం.

ఆయన గడప దాటగానే అవ్వ మొదలుపెట్టింది. “ఇంత మంచి వస్తువును ఇంతకేనా ఇచ్చేది? నాకు కండ్లు పోతే పోనీ. అది లేకుండా నువ్వెట్ట ఉంటావు?”

“నా పాట నా నోట్లో ఉండాదిలే. పోయిన సూపును నువ్వు యాడ తెచ్చుకుంటావు?” అన్నాడు తాతయ్య.

నేను పక్కనే ఉండి ఇదంతా విన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎనిమిదో ఎక్కం దాకా వచ్చిన తెలివి నాది. ‘ఇంతకేనా’ అన్న అవ్వ మాట నా బుర్రలో పడి పురుగులా తొలిచింది. ఇంకాస్త ఎక్కువ పలికితే అవ్వకు కన్నూ వస్తుంది, మిగిలినదానితో తాతయ్య ఇంకో చిన్న ఫిడేలు కొనుక్కుంటాడు. మరి ఎక్కువ ఎక్కడ పలుకుతుంది? ఆ సంగతి నాకు బాగా తెలుసు. కిందటేడు కోత పండుగలో మా వీధి చివర అక్క ఇచ్చిన గుమ్మడికాయను నా కళ్ళముందే వేలం వేశారు. సంతలో అణాలు చేసే కాయకు ఐదు రూపాయలు పలికింది. ఒక కోడిగుడ్డు కోసం ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడినంత పని చేశారు. లోకంలో వస్తువులకు మంచి ధర వచ్చే చోటు చర్చి ఆవరణే అని నేను తేల్చేసుకున్నాను. ఈ ఉపాయాన్ని ఎవరికీ చెప్పలేదు. పని అయ్యాక చెప్పి మెప్పు కొట్టేయాలనుకున్నాను.

ఆ ఆదివారం తాతయ్య ఆరాధనలో ఆఖరుసారి వాయించాడు. అది ఆఖరుసారని ఇంట్లో మా ముగ్గురికే తెలుసు. అయిపోయాక ఫిడేలును పట్టుగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, చాప మీదే ఉంచి, అవ్వను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. చర్చి గోడ నీడలో ఆడవాళ్ళ మధ్య ఆమెను కూర్చోబెట్టడానికి. బయట పందిరి కింద బల్ల మీద రాగివెన్నులు, బెల్లం అచ్చులు, చెనిక్కాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు చేరిపోతున్నాయి. నేను పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, ఒక గుమ్మడికాయను కొంచెం జరిపి దాని పక్కన పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు. పండుగనాడు పిల్లల చేత కానుకలు పంపడం మామూలే కదా.

వేలం వేసేది సంఘపెద్ద ఒకాయన. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. పెట్టె తెరిచి పట్టుగుడ్డ విప్పాడు. తరవాత ఫిడేలును పైకెత్తి పట్టుకున్నాడు.

“సూస్తాండారా అప్పా! మన అయ్యవారు తన ఫిడేలునే దేవునికి పెట్టేసినాడు. ఇట్టాంటి కానుక ఈ గుళ్ళో ఎన్నడన్నా సూసినామా?”

జనమంతా హోరెత్తారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తాతయ్య గోడ దగ్గరనుంచి రెండు అంగలు వేసి ఆగిపోయాడు. బల్లను చూశాడు. తరవాత జనంలో వెతికి నన్ను చూశాడు. నేను నవ్వుతూ, ఎగిరి గంతులేస్తూ, ‘వేలంపాట ఎట్లా పెరుగుతోందో చూడు’ అన్నట్టు చేతులు ఊపుతున్నాను. ఆ నవ్వు చూశాక ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన చెయ్యి సగం లేచి, మళ్ళీ కిందికి దిగింది.

అప్పుడే కుప్పం ఆయన సంచితో వచ్చాడు. మా ఇంటికి తాళం ఉంటే ఎవరో ఇక్కడికి పంపారట. అయ్యవారు వేలంలో అమ్ముతున్నాడేమో అనుకుని ఆయనా పాడాడు. పోటీకి పోయిన ఇద్దరు వెనక్కి తగ్గారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఒప్పుకున్నదానికంటే మూడు రూపాయలు ఎక్కువకే ఫిడేలు ఆయనదైంది. నా ఉపాయం పారింది. డబ్బు సంఘపెద్ద చేతిలోని రేకుపెట్టెలో పడింది. అది తాతయ్యకు ఎప్పుడిస్తారా అని చూస్తున్నాను. ఎంతకీ ఇవ్వరు. చివరికి పాదిరిగారి గదివైపు పోతున్న ఆయన వెంటపడి, “మా తాత డబ్బులు” అని చెయ్యి చాచాను.

ఆయన నా తల నిమిరి నవ్వాడు. “మీ తాత డబ్బులు కావమ్మా ఇంక. ఇవి దేవుని డబ్బులు.”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కిందటేడు గుమ్మడికాయ ఇచ్చిన అక్క వట్టి చేతులతో ఇంటికి పోయింది. ఆ ఐదు రూపాయలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. నేనే వెనక నడిచాను, నేనే చూశాను. చూసిందాన్ని గురించి ఆలోచించలేదు, అంతే. తాతయ్య దగ్గరికి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి కుప్పం ఆయన తాతయ్యను పక్కకు పిలిచి అడుగుతున్నాడు. “అయ్యవారూ, ఇదేమి పని? నేను ఈ డబ్బు మీ చేతిలో పెట్టాలని తెస్తినే. మీ ఇంటామె కండ్లు ఏమి కావాల? నేను పోయి మీ సంఘపెద్దకు చెప్తా ఉండండి.”

“వద్దప్పా. ఆ బల్ల మీద పెట్టింది ఎనక్కి తీసుకుంటే, రేపు పిల్లదాన్ని వేలెత్తి సూపిస్తారు. నువ్వు మంచిగా వాయించు. అది సాలు.” అన్నాడు తాతయ్య. కుప్పం ఆయన నావైపు చూశాడు. పెట్టెను ఎత్తి చంకన పెట్టుకునేటప్పుడు, ఎత్తుకుపోతున్న దొంగలా తల దించుకున్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు తాతయ్య మీద కోపమే వస్తుంది. పసిపిల్ల పొరపాటు అని ఒక్క మాట చెప్పుంటే ఆ సంఘమేమీ రాళ్ళతో చేసింది కాదు, డబ్బు తిరిగి ఇచ్చేవాళ్ళే. కానీ ఆయన జీవితంలో ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగడు. దేవుని బల్ల ముందు అసలే చాచలేడు. అందులో నన్ను కాపాడాలన్నది ఎంతో, ఆయన బింకం ఎంతో, ఇన్నేళ్ళకూ నాకు తేలలేదు.

జనమంతా అవ్వ చేతులు పట్టుకుని ‘మీ ఆయన ఎంత త్యాగం చేసినాడమ్మా’ అని పొగిడారు. ఆమె ఇంట్లోకి అడుగుపెట్టి, గోడ తడుముకుంటూ పోయి, ఖాళీ మేకును చేత్తో పట్టుకుంది.

“నా కండ్లకంటే నీకు పేరే ఎక్కువైపాయనా?” అంది.

నేను నోరు తెరిచాను. తాతయ్య నా భుజం పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, బట్టలుతికే బండమీద కూర్చోబెట్టాడు. కొడతాడనుకున్నాను. కొట్టుంటే ఎంత బాగుండేది! తన పైపంచెతో నా ముక్కు తుడిచి, నా ముందు గొంతుకూర్చున్నాడు.

“సూడమ్మా, మీ అవ్వకు కనపడే నాలుగు దినాలూ ఆమె సూసుకునేది నీ మొగమే. దాన్ని సూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు రాకూడదు. నామీద కోపమంటావా, నాకు అలవాటే. నువ్వు చెప్పొద్దు. నాకు మాటియ్యి.”

ఇచ్చాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే సుఖమైన మాట ఇంకేముంటుంది? ఇంత తప్పు చేసి దెబ్బ తినకుండా, తిట్టు పడకుండా బయటపడ్డాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. అదే ఇప్పటికీ నాకు సిగ్గు.

తాతయ్య అప్పు కోసం తిరిగాడు. కరువు రోజులు, ఎవరి దగ్గరుంది? నాన్న మనియార్డరు వచ్చి మేము వేలూరు చేరేసరికి కోతలు అయిపోయి మళ్ళీ దుక్కులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. అవ్వ నా మొహాన్ని వెలుతురు వైపు తిప్పడం మానేసి, చేత్తో తడిమి చూసుకోవడం మొదలుపెట్టింది. ఫిడేలు మేకుకు ఆమె చేతికర్ర తగిలించుకునేది. తాతయ్య సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని గొంతెత్తి పాడేవాడు. ఆమె ఒకప్పటిలా చేట పక్కన పెట్టేది కాదు. చేతులు ఆపకుండా, మొహం పక్కకు తిప్పుకుని, పని చేసుకుంటూనే ఉండేది. ఆయన పాడుతూనే ఉండేవాడు.

ఆయన పోయిననాడు పాదిరిగారు ఫిడేలు సంగతి చెప్పి అందరినీ ఏడిపించాడు. అవ్వ ఒక్కతే ఏడవలేదు.

తరవాత చాలా ఏళ్ళకు, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టి మదనపల్లెలో ఉన్నప్పుడు, అవ్వ నా దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె తల దువ్వుతున్నాను. వీధిలో ఎవరింట్లోనో ఫిడేలు నేర్చుకునేవాళ్ళు కర్ణకఠోరంగా గీకుతున్నారు. అవ్వ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. కాసేపు విన్నది.

“పోనీలేమ్మా, దేవునికే కదా ఇచ్చినాడు, ఇంకెవురికీ కాదు కదా. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. క్షమించేసినా.”

దువ్వెన నా చేతిలో ఉంది. మాట నా నోటిదాకా వచ్చింది. తాతయ్య మాట తీసుకున్నది ఆమెకు కనపడే నాలుగు దినాల కోసం. ఆ దినాలు అయిపోయి ఎన్నేళ్ళయిందో! ఇంకా ఆ మాటను అడ్డం పెట్టుకుని ఎవరిని కాపాడుతున్నాను? నన్నే. అది తెలిసి కూడా, “ఊఁ” అని జడ అల్లడం మొదలుపెట్టాను. ఆ చలికాలం అవ్వ పోయింది.

మా మనవళ్ళు ఏదన్నా పగలగొడితే, ‘పోనీలే, నేను చెప్తాలే’ అని మా కోడలు అడ్డం వస్తుంది. నేను ఒప్పుకోను. చేసినవాళ్ళే వచ్చి చెప్పాలి, చెప్పేదాకా పక్కనే నిలబడతాను అంటాను. ముసలిది మరీ కఠినం అనుకుంటారు, అనుకోనీ. ఎవరో ఒకరు నన్నలా వేలు పట్టుకుని అవ్వ ముందు నిలబెట్టి ఉంటే, ఆమె ఆ రోజు నన్ను తిట్టేది, ఏడ్చేది, తరవాత దగ్గరికి తీసుకునేది. ఆ క్షమ నాకు రావాల్సింది. చెయ్యని తప్పుకు అది తాతయ్యకు పోయింది. ఆయన దాన్ని వినను కూడా లేదు.