మామిడి కొత్తకు ముందు

యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేటుది పెదబయలు దాటాక కొండల్లో ఊరు. ఫోనులో వాళ్ళ అమ్మమ్మతో కువి భాషలో మొదలుపెట్టి, పిన్నితో ఆదివాసీ ఒడియాలోకి వెళ్ళి, మధ్యలో తెలుగులో పకపకా నవ్వి, చివరికి "నెట్‌వర్క్ వీక్" అని పెట్టేసేది. నాకు ఒళ్ళు మండేది. నా మీద చాడీలు చెబుతోందనే అనుకునేదాన్ని. "నాకు తెలిసే భాషలో మాట్లాడొచ్చుగా!" అని ఒకసారి కసిరాను కూడా.

"అమ్మమ్మకి తెలుగు రాదు కదే" అని ఊరుకుంది.

వేసవిలో తనే వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున్నే పెరట్లో మామిడికాయ రాలి ఉంటే కడిగి కొరికాను. మామిడి కొత్త పండగ చేసి, దేవతకు పెట్టందే ఆ ఏడాది కాయ అక్కడెవరూ నోట పెట్టరని నాకేం తెలుసు! పక్కింటివాళ్ళు చూశారు. కాసేపటికి ఊరి పూజారి, పెద్దలు వాకిట్లోకి వచ్చారు. కట్టు తప్పినవాళ్ళు ఈసారి పూజలో ఉండకూడదంటున్నారని పిన్ని నా చెవిలో చెప్పింది. కొరికిన కాయను వెనక్కి దాచుకున్నాను.

అప్పుడు విన్నాను తన మాట. ఏడుస్తున్న అమ్మమ్మను కువిలో సముదాయించింది. పూజారితో ఒడియాలో, తల వంచుకుని. కింద ఊళ్ళో ఉద్యోగం చేసొచ్చిన పెద్దాయనతో తెలుగులో, "మావా, మనింటి సుట్టం కదా, కాస్త సూడు." నావైపు తిరిగి, "డోంట్ వర్రీ, ఏటీ అవదు." ఎక్కడా తడబాటు లేదు. ఎవరికి ఏ మాట చల్లగా తగులుతుందో తనకు తెలుసు. ఆ భయంలోనూ నోరు తెరుచుకుని వింటూ నిలబడ్డాను. ఇలాంటి మనిషినా నేను కసిరింది!

పెద్దలు శాంతించి వెళ్ళిపోయారు. "నన్ను క్షమించేశారా?" అని పిన్నిని అడిగాను.

"నిన్నేటి సేత్తారమ్మా? కాయ కోసిచ్చింది తనేనని, నీకేటీ తెలీదని మా పిల్లే పూజారితో సెప్పింది. పండగనాడు అదే బయటుంటాది."

పరుగున తన దగ్గరికి వెళ్ళాను. "ఆ ముక్క తెలుగులో ఎందుకు చెప్పలేదే?"

"సెప్తే నువ్వు ఊరుకుంటావేటి? అడ్డొచ్చీదానివి."

నిజం చెప్పేస్తానని పూజారి ఇంటివైపు బయల్దేరాను. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. ఆయనకు తెలుగు రాదు. తెలుగొచ్చిన పెద్దాయన అప్పటికే కొండ దిగి వెళ్ళిపోయాడు. నా మాట ఆయనకు చెప్పమని పిన్నిని అడిగితే, నా రూమ్మేటు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తననే బతిమాలాను, చేతులు పట్టుకున్నాను. ఏ భాషలోనూ చెప్పనంది.