ఆఖరు ముందే చెప్పిన బీరన్న

తిరుమలగిరిలో జానయ్య సినిమా హాలుకు సగం బలం బీరన్న గొంతే. ఆటోకు మైకు కట్టుకొని వారపు అంగడిలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ తిరుగుతూ, ఆ వారం ఆడబోయే బొమ్మ కథను చెప్పడం అతని పని. ఒగ్గుకథ చెప్పే కురుమల ఇంట పుట్టాడు. బాపు వెనుక నిలబడి వంత పాడుతూ పెరిగాడు. బాపు పోయి, మేళం చెదిరిన తరువాత మైకు పట్టాడు.

ఒగ్గుకథ వినడానికి వచ్చే జనాన్ని గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మల్లన్న కథ తెలియనివాడు ఆ పందిట్లో ఒక్కడూ ఉండడు. అయినా కదలకుండా కూర్చుంటారు. ఏడ్వవలసిన ఘట్టం ఇంకా రాకముందే ఆడవాళ్లు కొంగు కళ్లకు అద్దుకుంటారు. ఏం జరగబోతున్నదో తెలియడం వల్ల వచ్చే ఏడ్పు అది. బీరన్న సినిమాకూ ఆ పద్ధతినే పాటించాడు. భక్తి చిత్రమైనా, కుటుంబగాథ అయినా, మొదటి నుండి మంగళం దాకా చెప్పేసేవాడు. విన్నవాళ్లు ట్రాక్టర్లు మాట్లాడుకొని వచ్చేవారు. ఇది చెప్పు, ఇది దాచు అని జానయ్య అతనికి బోధించవలసిన అవసరం ఏనాడూ కలుగలేదు.

ఫోన్లలోకి సినిమా వచ్చి హాలును ఊడ్చిపెట్టింది. కరోనా నాటి మూత పూర్తిగా కుంగదీసింది. పత్తి వ్యాపారులు హాలును గోదాముకు అడుగుతున్నారు. తండ్రి కట్టించిన హాలును వదులుకోలేక జానయ్య చివరి ప్రయత్నంగా, పాత చిత్రాలకు పట్నంలో మళ్లీ ఆదరణ వచ్చిందని విని, నలుపు తెలుపు నేరకథ ఒకటి తెప్పించాడు.

"గీ బొమ్మ ఆడితే హాలు ఉంటది బీరన్నా. లేకుంటే పత్తోళ్లకు ఇచ్చుడే" అన్నాడు.

హాలు పోతే తన గొంతుకు పని లేదని బీరన్నకు విడిగా చెప్పనక్కరలేదు.

ప్రచారానికి ముందు బొమ్మను అతనికి ఒక్కడికే వేసి చూపడం ఆ హాలు ఆచారం. ఖాళీ కుర్చీల నడుమ కూర్చొని చూశాడు. వానలో తడుస్తూ ఒక మనిషి పోలీసు ఠాణా మెట్లెక్కడంతో కథ మొదలయింది. అతడొక వకీలు గుమస్తా. కేసు పని మీద వకీలు ఇంటికి వచ్చిపోయే ఒక ఇల్లాలి మీద మనసు పడ్డాడు. ఆమె భర్త హత్యకు గురయ్యాడు. కిటికీ చువ్వల నీడలు గుమస్తా ముఖం మీద అడ్డంగా పడ్డప్పుడల్లా బీరన్న ముందుకు వంగి చూశాడు. ఆ ముఖం అప్పటికే జైలులో ఉన్నట్టు తోచింది. చంపింది ఆమేనని చివర తెలిసింది. గుమస్తా ఆ నేరాన్ని తన మీద వేసుకున్నాడు.

నేరకథలు రెండు తీరులు. చంపినది ఎవరని అడిగేది ఒకటి. తెలిసి కూడా మనిషి ఆ గుంటలోకే ఎందుకు నడుస్తాడని అడిగేది రెండవది. ఈ చిత్రం రెండింటినీ కలిపి అల్లింది. బీరన్నకు రెండవదే కనిపించింది. మొదటిదాన్ని చూడటానికే కుర్రకారు టికెట్టు కొంటుందని అతనికి చెప్పినవారు లేరు.

అంగడి నడుమ ఆటో ఆపించి మైకు అందుకున్నాడు.

"ఇనుండ్రి అవ్వలారా, అక్కలారా. వకీలు గుమస్తా, మంచోడు. ఒకామె మీద మనసు పడ్డడు. ఆమె మొగణ్ని సంపింది ఎవలో కాదు, ఆమెనే. గుమస్తాకు తెల్సు. తెల్సి గూడ నేరం మీదేసుకున్నడు. ఎందుకేసుకున్నడో సూడనీకి రాండ్రి."

నలుగురైదుగురు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో ఆ మాటలను ఫోనులో పట్టారు. పొద్దు గూకకముందే అది నల్గొండ కాలేజీల దాకా పాకింది. ముసలాయన టికెట్టు ఖర్చు మిగిల్చాడని దాని కింద నవ్వులు రాసుకున్నారు.

శుక్రవారం మొదటి ఆటకు కొందరు వృద్ధులు, ఊళ్ల నుండి వచ్చిన కొందరు ఆడవాళ్లు తప్ప హాలు ఖాళీ. వాళ్లు మాత్రం ఏడ్వవలసిన చోట ఏడ్చారు. జానయ్య బుకింగు కిటికీ మూసి వచ్చి బీరన్న పక్కన కూలబడ్డాడు.

"చంపినోళ్ల పేరు దాచాలె గదనే" అన్నాడు మెల్లగా.

"అది దాస్తే బొమ్మల ఏముంటది సేటూ?"

"గదే ఉంటది. గంతే ఉంటది."

కాసేపటికి జానయ్యే మళ్లీ, నువ్వు చెప్పకపోయినా రాకపోయేవారేమోలే అని ఓదార్చబోయాడు. ఆ ఓదార్పు బీరన్నను ఇంకా కుంగదీసింది. ముంచింది తన నోరో, కాలమో ఇక ఎన్నటికీ తేలదు. ఇంటికి వెళితే భార్య సైదమ్మ, "ఊరోళ్ల కథలన్ని ఆఖరు దాంక ఒడగొట్టినవ్, ఇగ మన కథ గూడ ఒడగొట్టినవ్" అని చెంబుతో నీళ్లు అందించింది. అతడు తాగలేదు.

మరుసటి అంగడికి ఆటో మళ్లీ బయలుదేరింది. బొమ్మ తీసేశారని, హాలు మూతపడుతున్నదని చెప్పి రమ్మన్నాడు జానయ్య. బీరన్న ఆ రెండు మాటలే చెప్పాడు. వంకాయలు అమ్మే నర్సింగమ్మ తక్కెడ పక్కన పెట్టి ఆటో దగ్గరికి వచ్చింది. చూద్దామనుకునే లోపలే తీసేశారని నొచ్చుకుంది.

"గా గుమస్తాను ఆఖరుకు ఉరి తీసిండ్రా బీరన్నా, ఇడిసిపెట్టిండ్రా?"

అతడు మైకు మీట నొక్కి ఆపాడు.

"యాదికి లేదక్కా."

"నీకే యాదికి లేకుంటే ఇగ ఎవల్నడగాలె?"

ఆ చివరి ఘట్టం కళ్ల ముందే ఉన్నా బీరన్న మైకును ఒడిలో పెట్టుకున్నాడు. పోనియ్యమని ఆటోవాని భుజం తట్టాడు.